పొగ ఊదే పొయ్యి

కట్టెల పొయ్యి మీద ఒక్క పూటైనా వండినవాళ్ళకి టర్బో అంటే ఏమిటో వేరే పాఠం చెప్పనక్కరలేదు. కట్టెలు రాజుకోక కళ్ళు మండుతున్నప్పుడు మన అమ్మమ్మలు ఏం చేసేవారు? ఇంకో రెండు కట్టెలు కూరేవారు కాదు. ఊదుగొట్టం అందుకుని నాలుగు ఊదులు ఊదేవారు. పొయ్యి భగ్గుమనేది. అవే కట్టెలు, అదే పొయ్యి. మారిందల్లా లోపలికి వెళ్ళిన గాలి ఒక్కటే!

కారు ఇంజను కూడా ఒక పొయ్యే. కాకపోతే మూత బిగించిన పొయ్యి. అందులో పెట్రోలు మండాలంటే తగినంత గాలి ఉండాలి. పెట్రోలు ఎక్కువ పొయ్యడం ఎవరైనా చేస్తారు. దానికి సరిపడా గాలి పట్టించడమే కష్టం. మామూలు ఇంజను తన ఊపిరి తనే పీల్చుకుంటుంది, ఎంత పీలిస్తే అంతే. దానికో ఊదుగొట్టం అమర్చి గాలి కుక్కితే, ఆ గాలికి తగ్గట్టు ఇంకాస్త పెట్రోలు మండుతుంది, చిన్న ఇంజనే పెద్ద ఇంజనంత పని చేస్తుంది.

మరి ఊదేదెవరు? తమాషా అంతా అక్కడే ఉంది. ఊదేది పొగ! ఇంజనులోంచి సైలెన్సరు వైపు తన్నుకొచ్చే వేడి పొగ దారిలో ఓ చిన్న చక్రం పెట్టారు. పొగ తోపుకి అది గిర్రున తిరుగుతుంది. దాని ఇరుసుకే రెండో చివర ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని పట్టి ఇంజనులోకి నెడుతుంది. మొత్తం కలిపితే మన అరచేతిలో ఇమిడేంత సరంజామా. నిమిషానికి లక్షసార్లకి పైగా తిరుగుతుంది. ఎలాగూ పారబోసే పొగతోనే పొయ్యి ఊదించుకోవడమంటే ఎంత పొదుపైన బుర్రకి తట్టిన ఆలోచనో చూడండి.

ఆ బుర్ర స్విట్జర్లాండు దేశస్థుడు ఆల్‌ఫ్రెడ్ బూషీది. 1879లో వింటర్‌టూర్ అనే ఊళ్ళో పుట్టాడు. ఇంజనులో మనం పోసే ఇంధనంలో సగానికి పైగా వేడి రూపంలో వృథాగా పోతోందని ఆయన బాధ. అన్నం వార్చిన గంజి పారబోస్తుంటే ప్రాణం ఉసూరుమనేవాళ్ళు మన ఇళ్ళలోనూ ఉంటారు కదా, ఆ కోవకి చెందినవాడన్నమాట. 1905లో ఈ ఆలోచనకి పేటెంటు తీసుకున్నాడు. ఆలోచన బాగానే ఉంది కానీ, అంత వేడికి అంత వేగంతో తిరిగినా కరగని, విరగని లోహాలు ఆ రోజుల్లో ఎక్కడివి? పాపం, ఇరవై ఏళ్ళు పట్టింది. 1926లో ప్రాయిసెన్, హాన్‌సెష్టాట్ డాన్‌సిగ్ అనే రెండు జర్మను ఓడలకి ఆయన పద్ధతిలో టర్బోలు అమర్చారు. 1750 గుర్రాల బలం ఇచ్చే డీజిల్ ఇంజన్లు 2500 ఇచ్చాయి. ఇంజను పెరగలేదు, బలం మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లయింది.

ఈలోగా విమానాల వాళ్ళకి ఇంకో చిక్కు వచ్చింది. బదరీనాథ్ యాత్ర చేసొచ్చినవాళ్ళని అడగండి, అక్కడ పప్పు ఉడకదు, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది కనక. విమానం ఇంజనుకీ అదే ఆయాసం. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసే శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు 1918లో ఓ లిబర్టీ ఇంజనునీ, తను చేసిన టర్బోనీ కొలరాడోలోని పైక్స్ పీక్ అనే కొండమీదికి మోయించాడు. 14 వేల అడుగుల పైచిలుకు ఎత్తు. టర్బో లేకుండా అక్కడ నీరసపడిపోయిన ఇంజను, టర్బో తగిలించగానే కింద సముద్రమట్టం దగ్గర ఎలా పనిచేస్తుందో అలా పనిచేసింది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా బాంబర్లు అంతంత ఎత్తున ఎగిరాయంటే దాని చలవే.

ఓడలూ, విమానాలూ అయ్యాయి. 1938లో స్విట్జర్లాండులోనే సౌరర్ కంపెనీ లారీకి పెట్టింది. కానీ బజారుకీ, బడికీ, పుట్టింటికీ తిరిగే మామూలు ఇంటి కారు? దానికింకా రాలేదు. వచ్చిన కథే అసలు కథ.

1962లో అమెరికాలో జనరల్ మోటార్స్ వారి రెండు శాఖలు ఇంచుమించు ఒకేసారి టర్బో కార్లు దింపాయి. ఓల్డ్స్‌మొబీల్ వారి జెట్‌ఫైర్ ఒకటి, షెవర్లే వారి కార్‌వేర్ మాన్‌జా స్పైడర్ రెండోది. ఇద్దరూ ఒక ఇంటి పిల్లలే. ఒకే సంబంధానికి ఇద్దరక్కచెల్లెళ్ళూ ముస్తాబైనట్టు వచ్చారు. ముస్తాబు మాత్రం వేరువేరు.

జెట్‌ఫైర్‌ది ఘనమైన ముస్తాబు. అల్యూమినియంతో పోసిన ఎనిమిది సిలిండర్ల ఇంజను, 215 ఘనపుటంగుళాల పరిమాణం, 215 గుర్రాల బలం. అంగుళానికో గుర్రం! ప్రకటనల వాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? ధర మూడువేల డాలర్ల పైచిలుకు. అప్పటి అమెరికాలో ఓ మోస్తరు ఉద్యోగస్థుడు తాపత్రయపడితే అందే ధరే.

అయితే ఇక్కడో మెలిక ఉంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిలు పంపుతో గాలి కొట్టినప్పుడు పంపు అడుగు చెయ్యి కాలేంత వేడవుతుంది చూడండి, అలాగ. అసలే వేడి గాలి, దాన్ని సిలిండరులో మళ్ళీ నొక్కడం. సిలిండరులో మంట స్పార్కు ప్లగ్గు దగ్గర అంటుకుని వరసగా పాకాలి. వేడి ఎక్కువైతే ఆ వరస రాకముందే మిగతా మిశ్రమం తనంత తనే ఒక్కసారిగా భగ్గుమంటుంది. రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు చప్పుడవుతుంది. దాన్నే మెకానిక్కులు నాకింగ్ అంటారు. అలా కొంతసేపు సాగితే పిస్టన్లు పగిలిపోతాయి.

దీనికి తేలికైన విరుగుడు, ఇంజను తనంతట తను నొక్కే నొక్కుడు తగ్గించుకోవడం. షెవర్లే వాళ్ళు అదే చేశారు. ఓల్డ్స్‌మొబీల్ వాళ్ళకి అది నచ్చలేదు. నొక్కుడు తగ్గిస్తే టర్బో పుంజుకోకముందు బండి మందకొడిగా ఉంటుందిగా! అందుకని మామూలు ఇంజను కంటే ఏమీ తగ్గకుండా పదింతలకి పైగా నొక్కేలాగే ఉంచి, చల్లబరచడానికి వేరే ఉపాయం పన్నారు. సగం డిస్టిల్డు వాటరు, సగం మిథనాలు, తుప్పు పట్టకుండా కాస్త మందు. ఈ మిశ్రమాన్ని గాలిలోకి చిమ్మితే, కుండ మీద తడిగుడ్డ చుట్టినట్టు, అది ఆవిరవుతూ వేడి లాగేసుకుంటుంది. దానికి టర్బో రాకెట్ ఫ్లూయిడ్ అని పేరు పెట్టారు. సంతలో అమ్మే సర్వరోగ నివారిణి తైలానికి పెట్టినట్టు లేదూ పేరు!

ఉపాయం శాస్త్రప్రకారం దివ్యంగా ఉంది. బోల్తా పడింది ఎక్కడంటే ఇంట్లో. పెట్రోలు కాకుండా ఈ రెండో తీర్థం కూడా నింపుతూ ఉండాలి. అయిపోతే హెచ్చరించడానికి ముందు ఓ దీపం పెట్టారు. అయినా వినకపోతే గాలి ఎక్కువ కుక్కకుండా అడ్డుకునే మూత కూడా పెట్టారు. అంటే ఇంజను పాడుకాదు, కానీ ఇంత డబ్బు పోసి కొన్న జోరు చప్పబడిపోతుంది. బండి కొన్న పెద్దమనుషుల్లో చాలామంది సీసా నింపలేదు. నింపక, బండి ఈడవడం లేదని షోరూముకి పోయి తగువులాడారు.

నాకు ఈ కథ చదివినప్పుడల్లా ఓ అనుమానం. ఆ ఇంజనీర్లు బండిని లెక్కలేసి కట్టారు కానీ, దాన్ని వాడే ఇంటిని ఒక్కసారైనా చూశారా అని. గ్యాసు ఎప్పుడు అయిపోతుంది, పాలవాడి లెక్క ఎంత, ఫిల్టరు కొవ్వొత్తి ఎప్పుడు కడగాలి అని నిత్యం జ్ఞాపకం పెట్టుకునేవాళ్ళని అడిగి ఉంటే మొదటే చెప్పేవాళ్ళు. రోజువారీ సంసారంలో ఇంకో సీసా చేరిస్తే ఆ సీసా ఖాళీగానే ఉంటుంది నాయనా, అని!

రెండేళ్ళు అమ్మి, మొత్తం పదివేలకి కాస్త తక్కువ బళ్ళు చేసి, 1963తో జెట్‌ఫైర్ ఆపేశారు. తరవాత కంపెనీయే చాలా బళ్ళ నుంచి టర్బో ఊడదీసి మామూలు కార్బ్యురేటరు బిగించి ఇచ్చింది. సాంకేతిక చరిత్రలో ఇలాంటి వింత అరుదు. ముందుకు వేసిన అడుగుని కంపెనీ తన చేత్తోనే, ఇంటింటికీ వెళ్ళినట్టుగా, వెనక్కి తీసుకుంది. ఆ అల్యూమినియం ఇంజను మాత్రం అదృష్టవంతురాలు. టర్బో ముచ్చట వదిలేసి ఇంగ్లండుకి కాపురానికి వెళ్ళింది. రోవర్ కంపెనీ వారు దాని హక్కులు కొనుక్కుని, రేంజ్ రోవర్లలో పెట్టి, ఈ శతాబ్దం మొదటి సంవత్సరాల దాకా వాడుకున్నారు.

చెల్లెలు కార్‌వేర్ స్పైడర్ తొలి ఏడు 150 గుర్రాల బలంతో వచ్చింది. సీసా లేదు, తీర్థం లేదు. కార్‌వేర్ టర్బో 1965లో 180కి పెరిగి, 1966 దాకా అమ్ముడుపోయింది. ఆ తరవాత ఓ పదేళ్ళపాటు అమెరికా ఇంటి కారుకి టర్బో లేదు. పెట్రోలు చవక. బలం కావాలంటే పెద్ద ఇంజను కొనుక్కోవడమే. పొయ్యి ఊదడం ఎందుకు, కట్టెలు బోలెడుండగా?

1973లో అరబ్బు దేశాలు చమురు బిగబట్టాయి. కట్టెలకే కరువొచ్చింది. బి.ఎమ్.డబ్ల్యు. వాళ్ళు సరిగ్గా ఆ ఏడాదే 2002 టర్బో దింపి, ముందు వెళ్ళేవాడి అద్దంలో సరిగ్గా కనిపించేట్టు 'టర్బో' అని ఎడమ కుడిగా తిప్పి రాయించారు. 'తప్పుకో, వస్తున్నా' అని అర్థం. జనం పెట్రోలు కోసం బారులు తీరుతుంటే ఈ డాబేమిటని అక్షింతలు పడ్డాయి. రెండువేల బళ్ళు కూడా చెయ్యకుండానే ఆపేశారు.

ఇలా కంపెనీలు ఊగిసలాడుతున్న రోజుల్లోనే షెడ్ల వాళ్ళు అందుకున్నారు. మామూలు కారు కొనుక్కో, టర్బో, గొట్టాలు, గాస్కెట్లు, నట్లు అన్నీ ఓ పెట్టెలో పెట్టి ఇస్తాం, బిగించుకో. దీనికే కిట్ అని పేరు. కాలిఫోర్నియాలో ఏక్ మిల్లర్ అనే పాత పందెగాడు ఇలాంటి సాదా బళ్ళకి టర్బోలు బిగించడంలో పేరు తెచ్చుకున్నాడు. హ్యూ మక్‌ఇన్నెస్ అనే ఇంజనీరు ఏ ఇంజనుకి ఎంత టర్బో పెట్టాలో లెక్కలతో సహా పుస్తకం రాసిపెడితే, అది షెడ్ల వాళ్ళకి పెద్దబాలశిక్ష అయిపోయింది. 1977లో కనెటికట్ రాష్ట్రంలో రీవ్స్ కాలవే అనే యువకుడు బి.ఎమ్.డబ్ల్యు. 320కి ఓ కిట్ తయారుచేశాడు. తరవాత ఫోక్స్‌వాగన్ వారి చిన్న కార్లకీ చేశాడు. పదేళ్ళు తిరిగేసరికి షెవర్లే వాళ్ళే తమ కార్వెట్ కొనేవాళ్ళు కోరితే, బండిని ఆయన దగ్గరికి పంపి జంట టర్బోలు పెట్టించి ఇచ్చే ఏర్పాటు చేశారు. పెరట్లో మొదలుపెట్టిన వ్యాపారానికి పెద్దింటి పిలుపు వచ్చిందన్నమాట.

కాలవే లాంటివాళ్ళు కొందరే. పత్రికల ప్రకటనల్లో కిట్లు అమ్మినవాళ్ళలో ఎవరి లెక్కలు సరైనవో, ఎవరివి కావో కొన్నవాడికి తెలిసేది ఇంజను తెరిచినప్పుడే. ఎందుకంటే చవక కిట్‌లో పెట్టెలో ఉండేది ఊదుగొట్టం మాత్రమే. ఎక్కువ గాలికి తగ్గ పెట్రోలు అందించే ఏర్పాటు ఏది? పెట్రోలు చాలకపోతే వేడి పెరుగుతుంది, మళ్ళీ ఆ గులకరాళ్ళ చప్పుడే. ఇంజను బలం క్లచ్చి మీద పడుతుంది. అది మామూలు బలానికి చేసిన క్లచ్చి, జారుతుంది. వేగం పెరుగుతుంది, బ్రేకులు పాతవే. టర్బో ఇరుసుకి ఎప్పుడూ శుభ్రమైన నూనె పారుతూ ఉండాలి. దూరప్రయాణం చేసొచ్చి ఇంటి ముందు టక్కున ఇంజను ఆపేస్తే, ఎర్రగా కాలుతున్న టర్బోలో నూనె కదలక నిలిచిపోయి, మూకుడులో మరిచిపోయిన తాలింపులా మాడి గట్టిపడుతుంది. ఇంటి ముందుకు వచ్చాక ఓ నిమిషం ఊరికే తిరగనిచ్చి ఆపాలి. చూశారా, ఇక్కడా జ్ఞాపకం పెట్టుకోవలసిన పని ఒకటి. చీర ధర చూసి మురిసి, దానికి జాకెట్టు, లంగా, ఫాల్సు, కుట్టుకూలి కలిపాక నోరెళ్ళబెట్టడం మనకేం కొత్త కాదు. కిట్ సంగతీ అంతే. బిగించడం చవక, నిలబెట్టుకోవడం ఖరీదు.

ఇంటి కారుకి టర్బో నిజంగా అచ్చివచ్చింది స్వీడను దేశంలో. సాబ్ అనే కంపెనీ చిన్నది. కొత్త పెద్ద ఇంజను కట్టడానికి డబ్బులేదు. పేర్ గిల్‌బ్రాండ్ అనే ఇంజనీరు, ఆయన జట్టు ఉన్న ఇంజనుకే టర్బో పెట్టారు. 1977లో సాబ్ 99 టర్బో ప్రదర్శనకి వచ్చింది. రెండు లీటర్ల ఇంజను, 145 గుర్రాలు. వీళ్ళు గమనించిందేమిటంటే, ఇంటి కారుకి కావలసింది పందెంలో నెగ్గే వేగం కాదు. మామూలు వేగంలో ముందున్న లారీని దాటేటప్పుడు బండి జంకకుండా అందుకోవాలి. అందుకని చిన్న టర్బో పెట్టి త్వరగా పుంజుకునేట్టు చేశారు. గాలి ఒత్తిడి హద్దు దాటితే పొగని పక్కదారి పట్టించే చిన్న తలుపు అమర్చారు. కుక్కరు మీది వెయిటు లాంటిదే ఆ తలుపు.

అక్కడితో ఆగలేదు. 1982 మోడళ్ళలో ఇంజను ఒంటికి ఓ చెవి పెట్టారు. చెవి అంటే నాకింగు చప్పుడు పసిగట్టే చిన్న పరికరం. గులకరాళ్ళ చప్పుడు మొదలైన క్షణంలోనే అది విని, టర్బో ఒత్తిడి దానంతటదే తగ్గిస్తుంది. నాసిరకం పెట్రోలు పోస్తే కాస్త తక్కువ బలం, మంచిది పోస్తే ఎక్కువ. పిస్టను మాత్రం పదిలం. వంటింట్లో ఉండి ముందుగదిలో మాట్లాడుతూనే పాలు పొంగే చప్పుడు కనిపెట్టే ఇల్లాలు ఉంటుందే, ఆ పని నేర్పారు ఇంజనుకి. జెట్‌ఫైర్ యజమానిని జ్ఞాపకం పెట్టుకోమంది. సాబ్ తనే జ్ఞాపకం పెట్టుకుంది. ఇరవై ఏళ్ళలో టర్బో నేర్చుకున్న అసలు పాఠం ఇదేనని నా అభిప్రాయం. గుర్రాల లెక్క దీని ముందు ఎంత?

డీజిల్ కార్లలో ఈ నాకింగు బాధే లేదు కనక టర్బో అక్కడ ఇంకా సులువుగా కుదిరింది. 1978లో మెర్సిడెస్ 300 ఎస్.డి. ఆ దారి తెరిచింది. మన దేశంలో 2007లో మారుతీ స్విఫ్ట్ డీజిల్ వచ్చింది. 1.3 లీటర్ల ఆ ఇంజనుకి టర్బో ఉంది. ఆ కారులో ఎన్ని కుటుంబాలు పెళ్ళిళ్ళకీ, తిరుపతికీ వెళ్ళొచ్చాయో! తాము టర్బో బండెక్కామని వాళ్ళలో ఎందరికి తెలుసు? తెలియకపోవడమే ఆ యంత్రానికి మర్యాద. ఆ తరవాత పెట్రోలు కార్లకీ వచ్చింది, ఒక లీటరు, మూడు సిలిండర్ల బుల్లి ఇంజన్లకి సహా. వాటి పిస్టన్లు, నూనె దారులు, చల్లబరిచే గొట్టాలు అన్నీ మొదటినుంచీ టర్బో కోసమే కట్టినవి. కిట్‌కీ వాటికీ తేడా అక్కడే.

ఇప్పటికీ ఇంట్లో కుర్రాడు ఫోనులో ఏదో చూసి, 'మన పాత కారుకే చవగ్గా టర్బో పెట్టించుకోవచ్చమ్మా' అని వెంటపడవచ్చు. వాడి ఉత్సాహం తప్పు కాదు. బూషీ నుంచి కాలవే దాకా అందరిదీ అదే ఉత్సాహం. కానీ మన మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఒకటుంది. కంపెనీ మొదట చెప్పిన వివరాలకీ, రిజిస్ట్రేషను కాగితంలోని వివరాలకీ తేడా వచ్చేట్టు బండిని మార్చకూడదని దాని సారాంశం. కేరళ నుంచి వచ్చిన ఓ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ మాటే గట్టిగా చెప్పింది. గ్యాసు కిట్‌కి అనుమతి పద్ధతి ఉంది, ఆమోదం పొందిన కిట్ పెట్టించి కాగితంలో రాయించుకోవచ్చు. ఆ ధైర్యంతో టర్బో కిట్ కూడా అంతేలే అనుకుంటే చిక్కే. రేపు ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు మొదట చూసేది ఇంజను మూత ఎత్తే. అందులో ముందూ వెనకా కూర్చునేది మన పిల్లలే కదా.

జెట్‌ఫైర్ల సంగతి చెప్పి ముగిస్తాను. అప్పట్లో ఊడదీసిన టర్బోలు చాలామటుకు తుక్కులోకి పోయాయి. ఈనాడు అమెరికాలో ఆ పాత కార్లు సేకరించేవాళ్ళు, మిగిలిన ఆ కాసిని టర్బోల కోసం దేశమంతా వెతుక్కుంటున్నారు. దొరికినవాళ్ళు బాగుచేసి బిగించుకుంటున్నారు. నీళ్ళూ, మిథనాలూ కొలిచి తీర్థం తామే కలుపుకుంటున్నారు. ఇప్పుడు మాత్రం సీసా నింపడం మరిచిపోవడం లేదట.